నాలుగు రికార్డు పుస్తకాలు: మొదటి సంవత్సరం విద్యార్థినికి తోడు నిలవబోయిన ఒక కేసు

నేను ఇంజనీరింగ్ కళాశాలలో గణితం బోధిస్తాను, మొదటి సంవత్సరం విద్యార్థులకు మెంటార్‌గా ఉంటాను. ఈ కేసులో విద్యార్థినికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన నిర్ణయం నాదే. మంచి ఉద్దేశంతో, నిబంధన చదివి మరీ తీసుకున్నాను. నాలాంటి మెంటార్లు చాలామంది అదే చేస్తారని నా నమ్మకం, అందుకే రాస్తున్నాను. ఊరు, కళాశాల, సంవత్సరం చెప్పడం లేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఆ అమ్మాయి అనుమతి తీసుకున్నాను. రాసింది ఆమెకు చదివి వినిపించాను. రెండు చోట్ల ఆమె నన్ను సరిదిద్దింది, ఆ సవరణలు ఇందులో ఉన్నాయి.

నేపథ్యం

మాది జేఎన్‌టీయూ అనుబంధ కళాశాల. సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ సూచించిన మూడు వారాల ప్రవేశ శిక్షణ మా దగ్గర ఏటా జరుగుతుంది. ఇరవై మంది కొత్త విద్యార్థులకు ఒక అధ్యాపక మెంటార్ చొప్పున కేటాయిస్తారు. నా ఇరవై మందిలో ఈ అమ్మాయి ఒకరు. బ్రాంచి ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్. ఇంటర్ ఎంపీసీ ప్రభుత్వ జూనియర్ కళాశాలలో, తెలుగు మాధ్యమంలో చదివింది. నాన్న తాపీ మేస్త్రీ, అమ్మ వ్యవసాయ కూలీ. ఆ ఇంట్లో ఇంజనీరింగ్ దాకా వచ్చిన మొదటి మనిషి ఈమే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద సీటు వచ్చింది, కళాశాల హాస్టల్‌లోనే ఉంటోంది.

మెంటార్ ఫారంలో ‘మాధ్యమం’ అనే గడి ఉంటుంది. ‘తెలుగు’ అని కనిపించిన నాలుగు ఫారాల్లో ఆ గడి కింద నేను ఎర్ర గీత గీసుకున్నాను, వీళ్లకు ఇంగ్లిషు దగ్గర ఇబ్బంది రావచ్చని. ఆ గీత తర్వాత ఎన్ని వారాలు నా కళ్లకు గంతలు కట్టిందో ముందు ముందు తెలుస్తుంది.

మూడు వారాలూ ఆమె ఒక్క రోజు మానలేదు. యోగా, మానవీయ విలువల తరగతులు, సీనియర్లతో పరిచయం, అన్నిటికీ వచ్చింది. అప్పుడూ ఆ తర్వాతా వారానికోసారి జరిగే మెంటార్ సమావేశంలో నేను వరసగా అందరినీ అడిగేదాన్ని: “ఏమైనా ఇబ్బందులున్నాయా అమ్మా?” ఆమె జవాబు ప్రతిసారీ ఒకటే: “ఏమీ లేవు మేడమ్.” నా డైరీలో ఆమె పేరు ఎదురుగా ‘సమస్యలు లేవు’ అని ఐదుసార్లు రాసి ఉంది.

ఎదురైన సమస్య

ఏడో వారంలో సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ అధ్యాపకుడు నాలుగు రికార్డు పుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నాలుగు పేర్లు, నాలుగు రోల్ నంబర్లు, దస్తూరీ మాత్రం ఒక్కటే. గుండ్రటి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన మార్జిన్లు. ప్రతి ప్రోగ్రాం కిందా ఫ్లోచార్టు, ఎక్కడా కొట్టివేత లేదు. ఆ దస్తూరీ నాకు తెలుసు. గణితం మిడ్ పరీక్షలో నేను ఎక్కువ మార్కులు వేసిన జవాబు పత్రం ఆ చేతిదే.

“ఈ అమ్మాయి అందరి రికార్డులూ రాస్తోంది మేడమ్. తన సంగతి చూస్తే ల్యాబ్ పరీక్షలో ఏమీ చేయలేదు. స్క్రీన్ మీద ఏవో అంకెలు కొట్టి వదిలేసి వెళ్లిపోయింది” అన్నారాయన. ఆ అంకెల మాట అప్పుడు నా చెవికెక్కలేదు.

హాస్టల్‌లో విచారిస్తే ఏర్పాటు తెలిసింది. మా ల్యాబ్‌లో ఇద్దరికి ఒక కంప్యూటర్. ఈ అమ్మాయి, గదిలో ఉండే మరో ముగ్గురు కలిసి రెండు కంప్యూటర్ల దగ్గర కూర్చుంటారు. ఆ ముగ్గురిలో ఎవరో ఒకరు టైపు చేసి అవుట్‌పుట్ తెప్పిస్తారు. ఈమె నలుగురి రికార్డులూ రాస్తుంది. రాత్రి పన్నెండున్నర దాకా చదువుకునే గదిలో లైటు వెలుగుతుందని వార్డెన్ చెప్పారు.

మొదటి నిర్ణయం: ఏర్పాటు తెంచడం

ఇక్కడ నా ఆలోచన ఎలా సాగిందో దాచకుండా చెప్పాలి. యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనల్లో ర్యాగింగ్ అంటే కొట్టడం, అవమానించడం మాత్రమే కాదు. ఒకరికి అప్పగించిన చదువు పనిని కొత్త విద్యార్థి చేత గానీ మరో విద్యార్థి చేత గానీ చేయించుకోవడాన్ని కూడా అందులో చేర్చారు. నా ముందున్న నాలుగు పుస్తకాలు ఆ వాక్యానికి అచ్చంగా సరిపోయాయి. పేద ఇంటి పిల్ల, మాట్లాడని పిల్ల, ముగ్గురి చాకిరీ చేస్తున్న పిల్ల. నా మనసులో బొమ్మ పూర్తయిపోయింది.

ర్యాగింగ్ నిరోధక కమిటీలో ఉన్న సహోద్యోగిని సంప్రదించాను. నలుగురినీ విడివిడిగా పిలిచి మాట్లాడాం. బెదిరింపు, బలవంతం ఎక్కడా కనిపించలేదు. ఈ అమ్మాయి కూడా “నేనే రాస్తానన్నాను మేడమ్” అంది. భయంతో అలా అంటోందని నేను అనుకున్నాను. అధికారికంగా ర్యాగింగ్ కేసు కాదని తేల్చినా, ల్యాబ్ బ్యాచ్‌లు మార్పించాను. ఎవరి రికార్డు వాళ్లే మొదటి నుంచి రాయాలని చెప్పాను. ఆ రోజు ఒక పిల్లను కాపాడానన్న తృప్తితోనే ఇంటికి వెళ్లాను.

తర్వాతి రెండు వారాల్లో ఆమె ల్యాబ్‌కు రావడం మానేసింది. మూడో వారం ఉదయం తరగతులు కూడా పోయాయి. గదిలోని ముగ్గురూ ఆమెతో మాటలు మానేశారు. తమ మీద ఫిర్యాదు చేసింది ఆమేనని వాళ్లు నమ్మారు. కాదని చెప్పాల్సిన దాన్ని నేను. ఆ ఆలోచనే నాకు రాలేదు.

పనికిరాని ప్రయత్నాలు

మొదట చేసింది ఇంగ్లిషు బ్రిడ్జి తరగతిలో చేర్చడం. ఎర్ర గీత చెప్పిన మాట అది. తెలుగు మాధ్యమం, ల్యాబ్‌కు రావడం లేదు, కాబట్టి సూచనలు అర్థం కావడం లేదు అని లెక్క కట్టాను. నిజానికి ఆ లెక్కను కొట్టేసే సాక్ష్యం నా చేతిలోనే ఉంది. మిడ్ పరీక్షల్లో ఆమె ఇంగ్లిషులో రాసిన జవాబులు తప్పుల్లేకుండా కాకపోయినా తేటగా ఉన్నాయి. నాలుగు రికార్డులు నింపిన పిల్లకు ఆ ప్రోగ్రాముల్లోని ఇంగ్లిషు కొత్త కాదు. ఫారంలోని ఒక్క మాటను జవాబు పత్రం కంటే ఎక్కువగా నమ్మాను. ఆమె బ్రిడ్జి తరగతికి వెళ్లింది, తనను తాను పరిచయం చేసుకోవడం నేర్చుకుంది. ల్యాబ్‌కు మాత్రం రాలేదు.

రెండోది సీనియర్ తోడు. మూడో సంవత్సరంలో అందరికంటే బాగా కోడింగ్ చేసే అమ్మాయిని ఎంచాను. తెలివైనది, ఓపిక గలది, అడగగానే ఒప్పుకుంది. లైబ్రరీలో మూడుసార్లు కూర్చున్నారు. సీనియర్ తన ల్యాప్‌టాప్‌లో టైపు చేసి చూపిస్తూ చెప్పేది, ఈమె తల ఊపేది. మూడో రోజు సీనియర్ నా దగ్గరకు వచ్చి, “ఆమెకు అన్నీ వచ్చు మేడమ్. ఏది అడిగినా సరిగ్గానే చెబుతోంది. నా అవసరం లేదు” అంది. సీనియర్ చెప్పింది అబద్ధం కాదు, అడిగిన ప్రతిదానికీ ఆమె నోటితో జవాబు చెప్పగలిగింది. మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఆమె వేళ్లు కీబోర్డు మీదకు వెళ్లలేదు. ఆ సంగతి సీనియర్ గమనించలేదు, నేను అడగలేదు.

మూడోది ఇంటికి ఫోన్. అప్పటికి మొత్తం హాజరు 70 శాతానికి దిగింది. మా దగ్గర 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపి, రుసుము కట్టి కండొనేషన్, అంటే మినహాయింపు తీసుకోవాలి. 65 కంటే తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. తల్లిదండ్రులకు తెలియజేయడం మా పద్ధతి. తెలియజేశాను.

మర్నాడు తెల్లవారేసరికి వాళ్ల నాన్న కళాశాల గేటు దగ్గర ఉన్నారు. రాత్రి బస్సెక్కి వచ్చారు. చేతిలో ఖాళీ సంచీ ఉంది. “చదువు పడకపోతే తీసుకుపోతాను మేడమ్ గారూ. పిల్ల ఆరోగ్యం కంటే ఎక్కువా? ఒక సంబంధం కూడా వచ్చి ఉంది” అన్నారు. ఆయన మాటల్లో కోపం లేదు, కూతురి మీద ఆదుర్దాయే ఉంది. ఆ ఖాళీ సంచీ కూతురి బట్టలు సర్దుకోవడానికి తెచ్చారని నాకు కొన్ని క్షణాల తర్వాత అర్థమైంది. హాజరు పట్టిక చూపించి, ఇంకా అవకాశం ఉందని గంటసేపు చెబితే గానీ ఆయన ఒప్పుకోలేదు. ఆ గంటా ఆ అమ్మాయి గోడకు ఆనుకుని నేల చూస్తూ నిలబడింది. ఆ తర్వాత నన్ను చూస్తే పక్క వరండాలోకి తప్పుకునేది.

మొదటి తరం చదువుకు వచ్చిన ఆడపిల్ల విషయంలో ఇంటికి చేసే ఫోన్ వట్టి సమాచారంగా ఉండదు. చదువు ఆగిపోయే తలుపును అది తెరవగలదు. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు ఆలోచించకుండా ఇంటికి చెప్పాల్సిందే. హాజరు తగ్గినప్పుడు మాత్రం ముందు విద్యార్థితో మాట్లాడి, ఏం చెప్పాలో ఇద్దరం కలిసి నిర్ణయించుకుని, వీలైతే ఆమె పక్కన ఉండగానే ఫోన్ చేయాలని అప్పటి నుంచి పెట్టుకున్నాను.

హాస్టల్ మెట్ల మీద

రెండు రోజులుగా మెస్‌కు రావడం లేదని వార్డెన్ ఫోన్ చేసిన సాయంత్రం హాస్టల్‌కు వెళ్లాను. గదిలో ముగ్గురూ ఉన్నారు కాబట్టి బయట మెట్ల మీద కూర్చున్నాం. ముందు ఒక మాట చెప్పాను: నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం ఇంకొకరికి చెబుతాను. తర్వాత సూటిగా అడిగాను: “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” ఈ ప్రశ్న అడగడానికి చాలామంది అధ్యాపకులు భయపడతారు, లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచనను బయటపెట్టే అవకాశం దొరుకుతుంది.

“లేదు మేడమ్. ఇంటికి వెళ్లిపోవాలని ఉంది. వెళ్తే మళ్లీ రానివ్వరు” అంది. ఆ జవాబుతో నేను ఊరుకోలేదు. వారానికి రెండు రోజులు వచ్చే కౌన్సెలర్ దగ్గరకు మర్నాడే తీసుకెళ్లాను. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీమానస్ నంబరు 14416 ఆమె ఫోన్‌లో వేయించాను. తెలుగులో మాట్లాడతారని, రాత్రయినా ఫోన్ చేయవచ్చని చెప్పాను. కౌన్సెలర్ నాలుగుసార్లు కలిశారు. ఈ అమ్మాయి నిద్ర, తిండి దారిలో పడటం కౌన్సెలర్ వల్లే. ఈ కేసులో నా భాగం గురించే ఎక్కువ రాస్తున్నాను గానీ, కౌన్సెలర్ భాగం లేకుండా మిగతాది నడిచేది కాదు.

మెట్ల మీద ఆ రోజు చివర్లో నేను అడిగాను, వాళ్ల రికార్డులు రాయడం తప్పింది కదా, కాస్త తేలిగ్గా లేదా అని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

“వాళ్లకు నాతో పని ఉండేది మేడమ్.”

నేను చాకిరీ అనుకున్నదాన్ని ఆమె బేరంగా కూడా చూడలేదు. ఆ రాత వల్ల ముగ్గురు ఆమె కోసం మెస్‌లో స్థలం ఆపేవాళ్లు. ల్యాబ్‌లో ఆమె చేతకానితనం ఎవరి కంటా పడేది కాదు. రాత్రి పన్నెండున్నర దాకా ఆమె ఒంటరిగా కూర్చోలేదు. పుస్తకాలు అందిస్తూ, కబుర్లు చెబుతూ ఎవరో ఒకరు పక్కన ఉండేవారు. ఈ చివరి మాట నేను మొదట ‘ఒంటరిగా రాసేది’ అని రాస్తే ఆమె సరిదిద్దించింది. ఆ ఏర్పాటులో అన్యాయం లేదని నేను ఇప్పటికీ అనను. టైపు చేయడం నేర్చుకునే అవసరాన్ని అది ఆమెకు దూరం చేసింది. అయితే కళాశాలలో ఆమెకు కాలు మోపడానికి ఉన్న ఒక్క రాయీ అదే. దాని బదులు ఇంకొకటి పెట్టకుండా నేను దాన్ని లాగేశాను.

పని చేసింది

ఆ రాత్రి ఇంటికి వచ్చి ప్రశ్న మార్చుకున్నాను. ఈమెకు ఎవరు సాయం చేయగలరని మూడు వారాలుగా వెతుకుతున్నాను. ఇక ఈమె సాయం ఎవరికి కావాలి అని వెతకాలి. ఆమె దగ్గర ఉన్నది గణితం. ఇంటర్ రెండో సంవత్సరం 2బి పుస్తకంలోని సమాకలనం (ఇంటిగ్రేషన్) ఆమెకు కొట్టిన పిండి. నల్లబల్ల దగ్గరకు పిలిచిన ప్రతిసారీ నేను చూశాను.

సమాకలనం ఎవరికి రావడం లేదు? ఈ ప్రశ్నకు మా కళాశాలలో జవాబు వెంటనే దొరుకుతుంది. పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తి చేసి, ఈసెట్ రాసి, నేరుగా రెండో సంవత్సరంలో చేరే లాటరల్ ఎంట్రీ విద్యార్థులు. ల్యాబ్‌లో చేయి తిరిగినవాళ్లు, గణితం దగ్గర తడబడేవాళ్లు. ఈసీఈ రెండో సంవత్సరంలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఉంటుంది. ఫోరియర్ శ్రేణి గుణకాలు కట్టాలంటే సమాకలనం రాకుండా ఒక్క అడుగు పడదు. ఆ సబ్జెక్టు మొదటి మిడ్‌లో బాగా దెబ్బతిన్న ఒక లాటరల్ ఎంట్రీ అమ్మాయి అదే హాస్టల్‌లో ఉంది. అప్పటికే తను ఈ విషయమై నా దగ్గరకు ఒకసారి వచ్చి వెళ్లింది.

ముందు ఆ సీనియర్‌నే అడిగాను. మొదటి సంవత్సరం పిల్ల దగ్గర నేర్చుకోవడానికి అభ్యంతరమా? నీ మార్కుల సంగతి ఆమెకు చెప్పవచ్చా? తను కాసేపు ఆలోచించి సరేనంది. అసలు విషయం కూడా దాచలేదు, ఈమెకు ల్యాబ్‌లో ఏదో ఇబ్బంది ఉందని, అదేమిటో నాకు తెలియదని చెప్పాను. “సి నేర్పించు” అని మాత్రం అనలేదు. తర్వాత ఈ అమ్మాయి దగ్గరకు వెళ్లి, “రెండో సంవత్సరం అక్క ఒకరికి సమాకలనం చెప్పాలి. నాకు సమయం చాలడం లేదు. నువ్వు చెప్పగలవా?” అని అడిగాను. నెలన్నర తర్వాత ఆమె నా ముఖం చూసి మాట్లాడింది ఆ రోజే. “ఏ అధ్యాయం మేడమ్?” అంది.

అవసరం కల్పించి చెప్పి ఉంటే? ఆ దారి కూడా ఆలోచించాను, వద్దనుకున్నాను. దయతో ఇచ్చిన పని అని తెలిసిన మరుక్షణం అది ఆమెకు మరో అవమానం అయ్యేది. సీనియర్‌కు నిజంగా రాదు, నిజంగా కావాలి. ఈ ఏర్పాటు నిలబడింది దాని మీదే. చోటు విషయంలోనూ జాగ్రత్తపడ్డాను. లైబ్రరీలో అందరి కళ్లూ ఉంటాయి కాబట్టి హాస్టల్ చదువు గది ఎంచాను, రాత్రి భోజనం తర్వాత.

మొదటి రెండు రాత్రులూ గణితమే నడిచింది. మూడో రాత్రి సీనియర్ తన ల్యాప్‌టాప్ తీసి, ఈమె రికార్డు పుస్తకం అడిగి తీసుకుంది. “నేను చదువుతాను, నువ్వు కొట్టు” అంది. మొదటి వరస రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. హాష్ గుర్తు ఉండాల్సిన చోట 3 పడింది. యాంగిల్ బ్రాకెట్ల చోట ఒక కామా, ఒక చుక్క. మెయిన్ అనే మాట తర్వాత రెండు బ్రాకెట్లు రావాలి, వాటి బదులు 90 వచ్చింది. ఫ్లవర్ బ్రాకెట్ కొట్టబోతే చదరపు బ్రాకెట్ పడింది. ఈమె చేయి వెనక్కి తీసుకుని, “అక్కా, నేను కొడితే ఇలాగే వస్తుంది” అంది.

సీనియర్ నవ్వలేదు. మళ్లీ కొట్టమని, ఈసారి తెర వైపు కాకుండా వేళ్ల వైపు చూసింది. అప్పుడు కనిపించింది. ఈమె షిఫ్ట్ బటన్‌ను ఒకసారి తాకి వదిలేసి, తర్వాత రెండో బటన్ నొక్కుతోంది. ఫోన్‌లో అంతే కదా. పెద్ద అక్షరం కావాలంటే బాణం గుర్తును తాకి వదిలేస్తాం, ఆ తర్వాత అక్షరం తాకుతాం. కీబోర్డు మీద షిఫ్ట్‌ను పట్టుకునే ఉండి రెండోది నొక్కాలి. సీనియర్ ఆమె ఎడమ చిటికెన వేలు తీసుకుని షిఫ్ట్ మీద పెట్టి, పైన తన వేలు ఆనించింది. “వదలకు. ఇప్పుడు కొట్టు.” ఫ్లవర్ బ్రాకెట్ పడింది.

మర్నాడు ఉదయం తరగతికి ముందే సీనియర్ నా గదికి వచ్చింది. “మేడమ్, ఆమెకు సి రాకపోవడం కాదు. షిఫ్ట్ పట్టుకోవడం తెలియదు.”

ల్యాబ్ అధ్యాపకుడు ఏడో వారంలో చెప్పిన అంకెలు అప్పుడు గుర్తొచ్చాయి. ల్యాబ్ పరీక్షలో ఆమె కొట్టింది ఆ 3, ఆ 90. కంప్యూటర్ చెడగొట్టానేమోనని భయపడి లేచి వెళ్లిపోయింది. ఇది ఎవరికీ తట్టకపోవడానికి ఒక కారణం ఉంది. ఎంసెట్ చివరి సంవత్సరాల నుంచి నేటి ఈఏపీసెట్ దాకా మా దగ్గరకు వచ్చే పిల్లలు ప్రవేశ పరీక్షను కంప్యూటర్ ముందు కూర్చుని రాస్తారని మాకందరికీ తెలుసు. కాబట్టి కంప్యూటర్ తెలిసినవాళ్లే అనుకుంటాం. ఆ 160 ప్రశ్నలకూ మౌస్‌తోనే జవాబు గుర్తించవచ్చు, కీబోర్డు ముట్టుకునే పనే ఉండదు. వాళ్ల ఊళ్లో ఇంట్లో గానీ బడిలో గానీ ఆమె కీబోర్డు మీద ఒక వాక్యం కొట్టిన రోజు లేదు.

ఆ తర్వాత సీనియర్ పెట్టిన పద్ధతి నాకు బాగా నచ్చింది. కొత్త ప్రోగ్రాములు ఇవ్వలేదు. ఆమె స్వయంగా రాసిన రికార్డులోని ప్రోగ్రాములనే ఒక్కొక్కటిగా కొట్టించింది. అర్థం తెలిసినవి, అక్షరం అక్షరం తన చేతితో రాసినవి. దృష్టంతా వేళ్ల మీదే పెట్టవచ్చు. మొదటి ప్రోగ్రాంకు నలభై నిమిషాలు పట్టింది. రెండో వారానికి పది నిమిషాల్లోకి వచ్చింది. ఒక రాత్రి ఫంక్షన్ల దగ్గర ఈమె ఆగిపోతే సీనియర్ తనకు తోచినట్టు చెప్పింది: ఒక విలువ లోపలికి ఇస్తే ఒక విలువ బయటికి ఇస్తుంది అని. “అంటే ప్రమేయమా అక్కా?” అంది ఈమె. ఇంటర్ తెలుగు పుస్తకంలో గణితం ఫంక్షన్‌కు ఆ మాటే ఉంటుంది. సి భాషలోని ఫంక్షన్ అన్ని విధాలా గణిత ప్రమేయం కాదు, ఆ తేడా నేను తర్వాత తరగతిలో చెప్పాను. అయినా ఆ రాత్రికి ఆ వంతెన చాలింది. నేను ఎర్ర గీత గీసిన తెలుగు మాధ్యమమే ఆమెకు అక్కడ అక్కరకొచ్చింది.

అంతా సాఫీగా సాగలేదు. మళ్లీ పెట్టిన ల్యాబ్ పరీక్షలో సగం ప్రోగ్రాం దగ్గరే సమయం అయిపోయి ఏడ్చింది. సీనియర్‌కు జ్వరం వచ్చి పది రోజులు మంచం పట్టింది. అక్కడితో ఆగిపోతుందనుకున్నాను. మూడో రోజు వార్డెన్ చెప్పారు, ఈ అమ్మాయే సీనియర్ గదికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని లెక్కలు చదివి వినిపిస్తోందని.

నేను చేయాల్సిన పని ఇంకొకటి మిగిలింది. గదిలోని ముగ్గురినీ పిలిచి, ఫిర్యాదు ఈ అమ్మాయి చేయలేదని, దస్తూరీ చూసి ల్యాబ్‌లోనే తెలిసిందని, ముందే చెప్పకపోవడం నా తప్పని చెప్పాను. ఒకమ్మాయి ఆ రాత్రే మెస్‌లో ఈమె పక్కన కూర్చుంది. మిగతా ఇద్దరూ మళ్లీ దగ్గర కాలేదు.

సెమిస్టర్ చివరికి హాజరు 68 శాతం. కౌన్సెలర్ నివేదికతో, కళాశాల అకడమిక్ కమిటీ సిఫారసుతో కండొనేషన్ వచ్చింది. ఈసారి రుసుము గురించి వాళ్ల నాన్నకు ఆమే ఫోన్ చేసింది, నేను పక్కన ఉన్నాను. ల్యాబ్ మామూలు మార్కులతో గట్టెక్కింది. సీనియర్ సిగ్నల్స్ పాసైంది.

నేర్చుకున్నవి, మార్చుకున్నవి

తోడు కోసం ఎంచే సీనియర్ విషయంలో నా కొలత పూర్తిగా మారింది. బాగా వచ్చినవారి కంటే, తనకూ ఏదో ఒకటి రానివారు మేలు. మొదటి సీనియర్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇవ్వడానికి మాత్రమే వచ్చినప్పుడు అవతలి మనిషికి తల ఊపడం తప్ప మార్గం ఉండదు. రెండో సీనియర్ ముందు ఈమె రెండు రాత్రులు గురువుగా కూర్చుంది, అందుకే మూడో రాత్రి ‘ఇలాగే వస్తుంది’ అని ఒప్పుకోగలిగింది. ఇప్పుడు ఏటా లాటరల్ ఎంట్రీ విద్యార్థులు చేరగానే వాళ్ల జాబితా తీసుకుంటున్నాను. ఎవరికి ఏది రాదో, ఎవరికి ఏది బాగా వచ్చో రెండు వరసలు రాసుకుని జతలు చూస్తున్నాను. కుదిరిన జతల కంటే కుదరనివే ఎక్కువ. అబ్బాయిల హాస్టల్‌లో ఇది ఇంకా పట్టాలెక్కలేదు.

‘ఏమైనా ఇబ్బందులున్నాయా?’ అని అడగడం మానేశాను. తనకు రానిది అందరికీ వచ్చని అనుకునే పిల్లకు అది ఇబ్బందిగా చెప్పుకోదగ్గ విషయమని ఎలా తెలుస్తుంది? ఇప్పుడు ప్రవేశ శిక్షణ మొదటి వారంలోనే ఇరవై మందినీ కంప్యూటర్ల ముందు కూర్చోబెడుతున్నాను. వాళ్ల పేరు పెద్ద అక్షరాలతో, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య కొట్టి, ఫైలు సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరవమంటాను. మార్కులు లేవు. నేను తెరల వైపు చూడను, వెనక నిలబడి చేతులు చూస్తాను. కిందటిసారి నలుగురు షిఫ్ట్‌ను తాకి వదిలేశారు. వారిలో ఇద్దరు ఇంగ్లిషు మాధ్యమం వాళ్లు.

రికార్డుల మార్పిడి ఇప్పటికీ జరుగుతోంది, నాకు తెలుసు. ఒకే దస్తూరీ రెండు పుస్తకాల్లో కనిపిస్తే నేను చూసీ చూడనట్టు ఉండను. ఎవరి పని వారే చేయాలన్న మాటలో మార్పు లేదు. బలవంతం కనిపిస్తే కమిటీకి వెళ్లడంలోనూ మార్పు లేదు. అయితే బ్యాచ్‌లు మార్చడానికి ముందు, రాసిన పిల్లను విడిగా కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. రేపటి నుంచి ఇది ఆగిపోతే నీకు ఏం పోతుంది? ల్యాబ్‌లో నీ పక్కన ఎవరు కూర్చుంటే బాగుంటుంది? జవాబు రావడానికి ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఆ పుస్తకాలు నా బల్ల సొరుగులోనే ఉంటాయి.